భూకంపం టీచరు

బడిలో ఆమెకు పడ్డ పేరు భూకంపం టీచరు. ఆమె తరగతి గదిలోకి అడుగు పెట్టగానే వెనక బెంచీల వాళ్లు బల్లలు పట్టుకుని గడగడలాడించేవాళ్లు. మిగతా పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేసేది. ఆ నవ్వు పైపైనే. బల్లల చప్పుడు వినబడ్డ ప్రతిసారీ గుండె లేచి గొంతులో కూర్చునేది. అది మళ్లీ కిందికి దిగేలోపు హాజరు పిలవడం సగం అయిపోయేది.

ఆ భయం ఇప్పటిది కాదు. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్లు. ఆమెకు ఆరేడేళ్లున్నప్పుడు ఒక మధ్యాహ్నం, కుట్టుమిషను పక్కన బల్ల మీదున్న కత్తెర ఎవరూ ముట్టుకోకుండానే జరిగింది. పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, పైన బల్బు ఊగింది, గిన్నెలు దొర్లాయి. అమ్మ ఒక్క ఉదుటున లేచి, పడుకున్న తమ్ముణ్ణి చంకలో వేసుకుని మెట్ల మీదుగా పరిగెత్తింది. పిల్ల మిషను కింద దూరి ఒక్కతే ఉండిపోయింది. గోడ లోపల ఎవరో రాళ్లు నూరుతున్నట్టు చప్పుడు. కాసేపటికి అమ్మ తిరిగొచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. మెట్ల పక్క గోడ మాత్రం పైనుంచి కిందిదాకా చీలింది. ఆ రోజు మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమెకు మాత్రం ఏ గదిలోకి వెళ్లినా ముందు పైకి చూసి బల్బు కదులుతోందా అని చూసుకోవడం అలవాటైపోయింది. పెళ్లిచూపుల్లో కూడా అదే పని చేసింది. బస్సు నడిపే పెళ్లికొడుకు, పిల్ల తనని చూడకుండా కప్పుకేసి చూస్తోందేమిటా అని తెల్లబోయాడట. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

చదువయ్యాక ఆమె భాష చెప్పే టీచరు కావాలనుకుంది. దొరికింది సాంఘికశాస్త్రం. ఏది తలుచుకోకుండా బతకాలనుకుందో దాన్నే ఏటేటా బెత్తంతో పటం మీద చూపిస్తూ చెప్పాల్సి వచ్చింది. భూమి పైపొర పలకలుగా విడిపోయి ఉంటుంది, ఆ పలకలు కదులుతూ ఉంటాయి అని చెప్పగానే చిన్న తరగతి పిల్లలు తమ రాత పలకలు తీసి ఒకదానితో ఒకటి ఢీకొట్టేవాళ్లు. "టీచర్, మన పలక ఏది టీచర్?" అని అడిగేవాళ్లు. ఆమె పటం మీద చెయ్యి పెట్టి చూపించేది. వాళ్ల ఊరు పలక అంచుకు మరీ దూరమేం కాదు. ఆ మాట మాత్రం మింగేసేది.

బడి ఒక కొండను ఆనుకుని ఉంది. ముందు మైదానం, గేటు పక్కన సైకిళ్ల రేకుల షెడ్డు. వెనక వరుస గదుల కిటికీలు తెరిస్తే చేతికందేంత దూరంలో రాతిగోడ, ఆ గోడ మీద కొండ. ఒకప్పుడు ఆ కొండ నిండా చెట్లుండేవి. పైన రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాటిని కొట్టేశారు. వానలు కూడా మునుపటిలా లేవు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో వాన అంటే వారాల తరబడి సన్నగా కురిసేది, బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన వేసేది. ఇప్పుడు నెలల తరబడి చుక్క ఉండదు. కొండ నెర్రెలు విచ్చుతుంది. ఆ తర్వాత సీజను వానంతా ఒక్కసారే కుమ్మరించినట్టు పడుతుంది. పాఠ్యపుస్తకంలో వాతావరణ మార్పు ఒక పాఠం, భూకంపాలు ఇంకో పాఠం. ఒకటి అర్ధసంవత్సరం పరీక్షకి, ఇంకోటి సంవత్సరాంత పరీక్షకి. కొండకు ఆ విడి విడి పాఠాలు లేవని ఆమెకు మెల్లగా అర్థమైంది. నెర్రెల్లో నీళ్లు దిగి నానిన మట్టిని చిన్న అదురు కదిపినా చాలు.

అప్పట్నుంచి పొద్దున ప్రార్థన కాగానే ఆమె వెనక్కి వెళ్లి గోడను చూసొచ్చేది. నీళ్లు పోవడానికి గోడకు వదిలిన కన్నాలు పూడిపోలేదు కదా, కొత్త బీట ఏమైనా వచ్చిందా అని తడిమి చూసేది. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు ఆమె కోసమే కాచుకుని ఉండేవారు.

"కొండకి హాజరు వేసొచ్చారా టీచర్? అన్నీ ఉన్నాయా, ఏమైనా సెలవు పెట్టాయా?"

వెనక వరుస చివర, ప్రహరీ అవతల, అదే కొండకు ఆనించి ఒక టీ కొట్టు ఉండేది. ఆ కొట్టు ముసలాయన ఇంటర్వెల్‌లో గ్లాసుల స్టాండు పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చేవాడు. ఆమె గ్లాసులో పంచదార తగ్గించి పోయడం ఎవరూ చెప్పకుండానే గుర్తుపెట్టుకున్నాడు. "టీచరమ్మా, ఇవాళ కొండ కులాసానా?" అని అడిగేవాడు. అతని అడగడంలో వెక్కిరింత ఉండేది కాదు.

హెడ్మాస్టరు మంచివారే. ఆమె పోరు పడలేక, నెలకోసారి పిల్లలందరి చేత బల్లల కింద దూరే అభ్యాసం చేయించడానికి ఒప్పుకున్నారు. పిల్లలకు అది పండగే. పాఠం ఆగుతుంది, బల్ల కింద గిల్లుకోవచ్చు, తర్వాత మైదానంలోకి ఉరకొచ్చు.

అలా ఉండగా ఒక వానాకాలం పొద్దున, ఆమె గోడ దగ్గర ఉన్నప్పుడే పైనుంచి గులకరాళ్లు రాలాయి. గోడ కన్నాల్లోంచి ఎర్రనీళ్లు చిమ్ముతున్నాయి. ఆమె ఎవరినీ అడగలేదు. పరిగెత్తుకెళ్లి తనే గంట కొట్టేసింది. బడి మొత్తం మైదానంలోకి వచ్చి నిలబడింది. వాన దంచుతోంది. షెడ్డులో పట్టినంత మంది పట్టారు, మిగతా వాళ్లు తడిసి ముద్దయ్యారు. అందరూ కొండకేసి చూశారు. కొండ ఉన్నచోటే ఉంది. మధ్యాహ్నమైంది. అయినా అక్కడే ఉంది.

మర్నాడు సగం బడికి జ్వరాలు. తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. ఆరో తరగతి పిల్ల తండ్రి ఒకాయన హెడ్మాస్టరు గదిలో బల్ల మీద చేత్తో కొట్టి మరీ మాట్లాడాడు.

"మా పాప నిద్రపోవట్లేదండీ. మంచం కదిలిందా నాన్నా, మంచం కదిలిందా అని లేపుతోంది. చదువు చెప్పమని పంపితే పిల్లల గుండెల్లో రాయి వేసి పంపుతున్నారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు వెళ్లాక హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పాఠం చెప్పండి టీచర్. భయం చెప్పకండి. పై ఆఫీసు దాకా వెళ్తే నేను మిమ్మల్ని కాపాడలేను" అన్నారు.

ఆ సాయంత్రం భర్త బస్సు డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, "పోనీలే టీచరమ్మా, నేను కూడా ఖాళీ రోడ్డు మీద ఎన్నిసార్లు బ్రేకు వెయ్యలేదు? ప్రయాణికులు తిడతారు, దులిపేసుకుంటాను" అన్నాడు. ఆమెకు అది ఓదార్పుగా అనిపించలేదు. ఆయన స్నానానికి వెళ్లాక, ఇప్పుడు వాళ్లతోనే ఉంటున్న తల్లి, మూలన కూర్చుని పాత దుప్పటికి అంచు కుడుతూ, తల ఎత్తకుండానే నోరు విప్పింది.

"నీ పిరికితనానికి నేనే కారణమే తల్లీ. ఆ రోజు నిన్నొదిలేసి పరిగెత్తాను."

ఇన్నేళ్లలో ఆ మాట రావడం అదే మొదలు.

"పరిగెత్తింది నా కాళ్లే. నాకు తెలీదు కూడా. కింద వీధిలో నిలబడ్డాక లెక్క చూసుకుంటే నువ్వు లేవు. అప్పుడు తిరిగొచ్చానే, అదీ నేను."

ఆమె తల్లి పక్కన కూర్చుంది. ఓదార్చాలనే అనుకుంది. కానీ మనసులో ఇంకో పురుగు తొలిచింది. నిజంగా వస్తే నా కాళ్లేం చేస్తాయి? ఇంతమంది పిల్లల ముందు నేను ఎటు పరిగెడతాను? కొండకన్నా ఆ ప్రశ్న ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ తర్వాత ఆమె గోడ దగ్గరికి వెళ్లడం మానేసింది. పలకల పాఠాన్ని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేసి ముగించేది. "ఏం టీచర్, కొండకి టీసీ ఇచ్చేశారా?" అని లెక్కల మాస్టారు అడిగితే పెదవి విరిచి ఊరుకునేది.

మరుసటి వానాకాలంలో వచ్చింది.

మూడు రోజులుగా కురిసి ఆ పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. ఆమె ముందు వరుస గదిలో ఏడో తరగతికి నదుల పాఠం చెబుతోంది. ముందుగా కాకులన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత ఆమె చేతిలోని సుద్దముక్క బోర్డు మీద తనంతట తానే గీత గీసింది. వెనక బెంచీ వాళ్ల అల్లరి అనుకుని తిట్టబోయి తిరిగింది. పిల్లల చేతులు బల్లల మీద లేవు. పిల్లల ముఖాల్లో నవ్వు లేదు. బల్లలు వాటంతట అవే ఆడుతున్నాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తెలివి వచ్చేసరికి గుమ్మం బయట, వరండాలో ఉంది. ఆమె వెనక, గదిలో, పిల్లలు బల్లల కింద ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే దూరారు. కప్పు నుంచి పెళ్లలు రాలుతున్నాయి. గుమ్మానికి దగ్గరి బల్ల కింద నుంచి ఒక పిల్ల ఆమెనే చూస్తోంది. నిద్రపోవట్లేదని తండ్రి వచ్చి గొడవపడ్డ పిల్లే. ఆ చూపుకు ఆమెకు ప్రాణం పోయినట్టయింది. తల్లి మాట చెవిలో మోగింది. గోడ పట్టుకుని, తూలుతూ, ఆమె మళ్లీ లోపలికి వచ్చింది. బల్లల మధ్య నేల మీద కూర్చుని, "తలలు కప్పుకోండి. ఇక్కడే ఉన్నాను. ఇక్కడే ఉన్నాను" అంటూ ఉండిపోయింది. పిల్లలకు చెబుతోందో తనకు చెప్పుకుంటోందో ఆమెకే తెలియలేదు.

నేల ఆగింది. అభ్యాసంలో చేసినట్టే అందరూ మైదానంలోకి వచ్చారు. ఇద్దరు ముగ్గురికి గీరుకుపోవడం తప్ప ఎవరికీ దెబ్బలు లేవు. కట్టడం నిలబడే ఉంది. లెక్కల మాస్టారు ముఖం పాలిపోయినా, "పరీక్ష పాసయ్యాం టీచర్" అని నవ్వబోయారు. ఫోన్లు పలకలేదు. భర్త బస్సు ఆ టైముకి ఘాట్ రోడ్డు మీద ఉంటుంది. ఆమె ఆ ఆలోచనను బలవంతాన పక్కకు నెట్టింది.

అంతలో వాన మళ్లీ మొదలైంది. పిల్లలు గజగజ వణుకుతున్నారు. హెడ్మాస్టరు గదులన్నీ ఒకసారి చుట్టి వచ్చారు.

"గోడలు బాగానే ఉన్నాయి. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి. కిందటిసారి జ్వరాలతో ఎంత గొడవైందో మర్చిపోలేదు కదా?"

తరగతులు వరసగా కదిలాయి. ఆమె కాళ్లు మాత్రం కదల్లేదు.

"సార్, నేను రాలేనండీ."

"రాలేనంటే?"

"నా వల్ల కాదండీ. కాళ్లు రావట్లేదు. మా క్లాసుని షెడ్డులో ఉంచుతాను."

దాన్ని ధైర్యమని తర్వాత చాలామంది అన్నారు. ధైర్యం కాదు. ఆ గుమ్మం దాటమంటే ఆమె ఒళ్లంతా ఎదురు తిరిగింది, అంతే. హెడ్మాస్టరు విసుగ్గా చెయ్యి ఊపి వెళ్లిపోయారు. ఆమె తన పిల్లల్ని రేకుల షెడ్డులోకి చేర్చి, సైకిళ్ల మధ్య ఇరికించి నిలబెట్టింది.

షెడ్డు పక్కనే, వెనక గోడ నీళ్లన్నీ మోసుకొచ్చే కాలువ ఉంది. వాన జోరందుకున్న కొద్దీ అది పొంగి ఎర్రగా పారుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. చూస్తుండగానే నీళ్లు పలచబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. కాలువ అడుగున బురద, రెండు ఆకులు, అంతే. పైనేమో వాన కుండపోతగా పడుతూనే ఉంది.

ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

నీళ్లు పైన ఎక్కడో ఆగిపోయాయి. అక్కడ మట్టి జారి దారి మూసేసి ఉండాలి. ఆ బరువంతా ఇప్పుడు వెనక గదుల నెత్తిన కూర్చుని ఉంది. వెనక గదుల్లో పిల్లలున్నారు.

ఈసారి కూడా ఏమీ కాకపోతే? మళ్లీ ఆ తండ్రులు, ఆ బల్ల మీద దెబ్బలు, ఆ నవ్వులు. ఒక్క క్షణం ఆ భయమూ కొండ భయమూ ఆమెను చెరోవైపు లాగాయి. అప్పుడు చూసింది నిద్రపట్టని ఆ పిల్లను.

"టీచర్, కాలువ ఎండిపోయింది టీచర్" అంది ఆ పిల్ల మెల్లగా.

"అవునమ్మా. ఎవ్వరూ ఇక్కడి నుంచి కదలకండి. నేను రాకపోయినా సరే, గేటు వైపు వెళ్లాలి తప్ప లోపలికి రాకూడదు."

కాసేపటి క్రితం రానన్న కాళ్లతోనే ఆమె వరండాలోకి పరిగెత్తింది. తడి గచ్చు మీద జారి పడి, లేచి, వెనక వరుసలో మొదటి గది తలుపు తోసింది. బోర్డు మీద లెక్క రాస్తున్న మాస్టారు తిరిగి చూశారు. ఆమె చెయ్యెత్తి కొండవైపు చూపించింది. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే మనిషి, ఆ ముఖం చూసి మారు మాట్లాడకుండా సుద్దముక్క వదిలేశారు. "లేవండి! పుస్తకాలు వదిలెయ్యండి! నడవండి!" అని గద్దించారు. ఆమె పక్క గదికి, ఆ పక్క గదికి వెళ్లి తలుపులు బాదింది. ఎక్కడో హెడ్మాస్టరు గంట కొడుతున్నారు. ఆయన ఏమీ అడగలేదు. పిల్లలు వరద నీళ్లలా వరండాలోంచి మైదానంలోకి వచ్చిపడ్డారు.

చివరి గది పిల్లలు మెట్లు దిగుతుండగా, గుడ్డను నిలువునా చింపినట్టు ఒక చప్పుడు. కొండ పైభాగం చెట్టు మొదళ్లతో సహా నిదానంగా, దాదాపు బద్ధకంగా కదిలింది. ఆ తర్వాత నిదానం లేదు. రాతిగోడ కాగితంలా మడతపడింది. వెనక వరుస గదుల కిటికీల్లోంచి లోపలికి దూరిన మట్టి ఇవతలి గుమ్మాల్లోంచి బయటికి వచ్చింది. వరండా కప్పు దాని మీద కూర్చుంది. బురద మైదానం సగం దాకా పాకి, పిల్లల పాదాలకు కాస్త దూరంలో ఆగింది.

ఎవరి తరగతిని వాళ్లు లెక్కపెట్టుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. లెక్కల మాస్టారు బురదలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. హెడ్మాస్టరు ఆమె దగ్గరికి వచ్చి, "నేను వాళ్ల నాన్నలకి భయపడ్డానమ్మా" అన్నారు. ఎన్నడూ టీచర్ అనడమే తప్ప ఆమెను అమ్మా అని ఎరగరు.

ఆమె వినిపించుకోలేదు. ప్రహరీ చివరి వైపు చూస్తోంది. అక్కడ ప్రహరీ లేదు. ప్రహరీ అవతల రేకు కప్పూ, పొయ్యి పొగా, ఏమీ లేవు. నున్నటి ఎర్రమట్టి మాత్రం ఉంది.

టీ కొట్టు ముసలాయన్ని మూడో రోజున తీశారు. కొట్టు వదలకుండా ఉన్నాడట. భూకంపం ఆగాక, బడి పిల్లలకు వేడిగా ఏదైనా ఇద్దామని పొయ్యి రాజేశాడని ఎదురింటావిడ చెప్పింది.

కొండ జారిన రోజు భర్త చీకటి పడ్డాక ఇంటికి చేరాడు. ఘాట్ రోడ్డు తెగిపోతే బస్సు అక్కడే వదిలి, ప్రయాణికుల్ని నడిపించుకుంటూ దిగాడు. అతన్ని చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అది కాసేపే. అన్ని తలుపులూ కొట్టాను, ఆ ఒక్క కేక వెయ్యలేదు అన్న మాట లోపల మొదలైంది. గోడ అవతల మనిషి ఉన్నాడని తట్టనే లేదు. భర్త ఎన్ని చెప్పినా ఆ మాట ఆగలేదు. వారాల తరబడి టీ గ్లాసు ముట్టుకోలేదు.

ఆ తర్వాత బడి బస్సు డిపోలోని పాత షెడ్లలోకి మారింది. చిన్న చిన్న అదుర్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కోటి వచ్చినప్పుడు డిపో రేకులు గలగలమనేవి, పిల్లలు చెప్పకుండానే కిందికి దూరేవాళ్లు. ఇప్పుడెవరూ బల్లలు ఆడించడం లేదు. భూకంపం టీచరన్న పేరు కూడా ఎవరూ ఎత్తడం లేదు. ఒకరోజు ఆ ఏడో తరగతి పిల్ల ఒంటరిగా దొరికినప్పుడు ఆమె అడగలేక అడగలేక అడిగింది.

"ఆ రోజు నేను బయటికి వెళ్లడం చూశావు కదూ?"

"చూశాను టీచర్."

"ఇంట్లో చెప్పావా?"

"మీరు మళ్లీ వచ్చారని చెప్పాను."

ఆమె ముఖం తిప్పుకుంది.

ఆ ఏడాది పై ఆఫీసు వాళ్లు ఆమెను వేరే ఊళ్ల బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడమన్నారు. ప్రయాణాలంటే పడదు, మాట్లాడటం అంతకన్నా పడదు. అయినా ఒప్పుకుంది. ఏ ఊరెళ్లినా ముందు బడి వెనక్కి వెళ్లి చూస్తుంది, ప్రహరీ అవతల ఎవరెవరు ఉంటారని అడుగుతుంది. మొదటి బడి ఒక నది ఒడ్డున ఉంది. హెడ్మాస్టరుగా ఉన్నావిడ నవ్వుముఖంతో ఎదురొచ్చి, "మాకు కొండల్లేవు లెండి, ఆ భయం లేదు" అంది.

ఆమె అప్పటికే ఒకటో తరగతి గది గోడను చూస్తోంది. సున్నం వేసినా దాగని బురద చార ఒకటి గోడ పొడవునా ఉంది. పిల్లల తలల కన్నా ఎత్తున ఉంది.

"ఇది ఎప్పటిదండీ?"

"అదా? కిందటేడు నది పొంగినప్పటిది. సెలవుల్లో వచ్చింది కాబట్టి సరిపోయింది."

"అంతకుముందు ఇంత ఎత్తు ఎప్పుడైనా వచ్చిందా?"

ఆవిడ ఆలోచించింది. ఆలోచిస్తుండగా ముఖంలోంచి నవ్వు మెల్లగా జారిపోయింది. "లేదు. నేను చూడలేదు. మా అత్తగారు కూడా చూడలేదంటారు." గొంతు తగ్గించి అడిగింది. "అంత చూసొచ్చారు కదా. మీకిప్పుడు భయం పోయిందా అండీ?"

"లేదండీ" అంది ఆమె. "పిల్లల్ని బయట కూర్చోబెట్టండి. ముందు నది ఎటు నుంచి వస్తుందో వాళ్ల చేతే చెప్పిద్దాం."